అడవి తెర మీద రాసిన పట్నం

ఈ రోజు పొద్దున నేనొక తప్పు చేశాను. తప్పులు చేసే వయసు దాటిపోయింది, ఇక మిగిలింది చేసినవాటిని తలచుకొని నొచ్చుకోవడమే అని ధీమాగా ఉన్న ముసలివాణ్ని, కుర్చీలో కూర్చొని, చాయ్ తాగుతూ, ఒక్క మాటతో, నా జన్మలో చేసిన పెద్ద తప్పుకు తోబుట్టువులాంటి దాన్ని మళ్లీ చేశాను.

సిద్దిపేట నుంచి మెదక్ పోయే రోడ్డు మీద కొత్తగా ఒక ఫంక్షన్ హాలు కట్టారు. దాని ప్రహరీ గోడ చాలా పొడుగు. ఆ గోడ నిండా బొమ్మలు వేసే పని మా మేనమామ మునిమనుమరాలికి దొరికింది. మామ వంశంలో ఇంకా కుంచె పట్టేది ఆ పిల్ల ఒక్కతే. నేనూ దుకాణాల మీద బోర్డులు రాసి బతికినవాణ్నే కనుక ఒకసారి వచ్చి చూసిపొమ్మని పిలిస్తే కర్ర పట్టుకొని పోయాను. గోడకు ఒక కొసన పట్టణం, ఇంకో కొసన అడవి వేసింది. పట్టణంలో ఒకదాన్నొకటి ఒరుసుకొని నిలబడ్డ ఇళ్లు పోనుపోను ఎడమవుతూ, ఒక ఇంటి గోడలోంచి ఒక కొమ్మ, ఒక కిటికీలోంచి ఒక తీగ వచ్చి, చివరికి చెట్లలో కలిసిపోతాయి. ఆ రెండూ కలిసే చోట, సరిగ్గా గేటు పక్కన, నరికిన వేపచెట్టు మొద్దు వేసింది. అది ఊహించి వేసింది కాదు. ఆ గేటు పెట్టడానికి తీసేసిన వేపచెట్టు అక్కడే ఉండేది, దాని నీడన నేనే ఎన్నోసార్లు సైకిలు ఆనించి చెమట తుడుచుకున్నాను.

హాలు యజమాని వచ్చాడు. మంచివాడే, నా మనుమడి స్నేహితుడు. నాకు కుర్చీ వేయించి, చాయ్ తెప్పించి, మొద్దు ముందు నిలబడి నడుము మీద చేతులు పెట్టుకున్నాడు. "ఏంది తాతా గిది? పెండ్లిండ్లు అయ్యే జాగల నరికిన మొద్దేంది? పిల్లగాని తరఫోళ్లు సూసిన్రంటే బ్యాండుమేళంతోనే ఎనుకకు మర్లుతరు" అన్నాడు. ఆ పిల్ల నా వైపు తిరిగి, "నువ్వన్న జెప్పు తాతా, ఉన్న చెట్టే గద" అన్నది. నేను తాగిన చాయ్‌కు నోటిమాట చెల్లించాను. "ఆయన జెప్పింది నిజమే బిడ్డా, శుభం జరిగే జాగ. సున్నం గొట్టెయ్యి" అన్నాను.

ఆమె మాట్లాడలేదు. చేతులు చున్నీకి తుడుచుకొని, వెడల్పాటి కుంచె సున్నంలో ముంచి మొద్దును కప్పేసింది. కోపంగా కూడా వేయలేదు, అదే నన్ను పట్టుకుంది. ఆ మౌనం నేను ఇంతకుముందు ఒకసారి చూశాను. అది మా మామది.

మాది బొమ్మలు రాసే ఇల్లు. మా వాళ్లు బొమ్మ గీశామనరు, రాశామంటారు. కుల కథలు చెప్పేవాళ్లు ఊరూరా విప్పి చూపించే పొడుగాటి పటాలు మా తాతలు, వాళ్ల తాతలు రాసిచ్చేవారు. నేతబట్టకు గంజి పట్టించి, సుద్ద, చింతగింజల అంబలి, బంక కలిపి పూత మీద పూత పూసి, ఉడుత తోక వెంట్రుకల కుంచెతో రాసేవారు. అన్నీ అయ్యాక, ఆఖరున, కొబ్బరికాయ కొట్టి కండ్లు పెట్టేవారు. కండ్లు తెరిచాక అది బట్ట కాదు, ప్రాణమున్నది. అది పాతబడి చిరిగిపోతే మూలన పడేయరు, మనిషికి చేసినట్టే పసుపూ కుంకుమా పెట్టి నీళ్లకు ఇస్తారు. కండ్లు తెరిచిన బొమ్మ మీద మాత్రం మళ్లీ రంగు పూయరు. మా ఇళ్లల్లో పాలు మరవని పిల్లకు కూడా తెలిసిన సంగతి ఇది. నాకూ తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చేనాటికి మా బాపు కుంచె పక్కన పెట్టేశాడు. పటాలు రాయించుకునేవాళ్లు తగ్గారు, ఇంట్లో తినే నోళ్లు తగ్గలేదు. అప్పుడే పెట్రోలు కరువై మోటారు బస్సులు బొగ్గుతో నడవడం మొదలైంది. నా ఈడువాళ్లు ఎవరైనా ఇంకా ఉంటే ఆ బస్సులు గుర్తుండే ఉంటాయి. వెనకాల నల్లటి పీపాలాంటి పొయ్యి, అందులో కట్టెబొగ్గు పోసి, క్లీనరు చెమటలు కక్కుతూ గాలిచక్రం తిప్పితే ఎప్పటికో బస్సు దగ్గి, తుమ్మి, కదిలేది. ఎత్తు వచ్చిందంటే ప్రయాణికులు దిగి తోయవలసిందే. టికెట్ కొని బస్సును మనమే మోస్తున్నామని నవ్వుకుంటూ తోసేవారు. పట్నం చేరేసరికి తెల్లబట్టలు కట్టుకున్నవాళ్లు కూడా మసిలో దొర్లిన పిల్లుల్లా దిగేవారు. మా దిక్కు పట్నం అంటే హైదరాబాదే, మరొకటి కాదు. ఆ బస్సులకు బొగ్గు పోసే వ్యాపారంలో మా బాపు దిగాడు. ఎక్కడ చెట్లు అమ్ముతున్నారంటే అక్కడికి పోయి, కొని, కొట్టించి, అక్కడే బట్టీ పెట్టి కాల్పించి, బండ్ల మీద సిద్దిపేటకు తెచ్చేవాడు. రంగులు మెదిపిన ఆ వేళ్ల గోళ్లలో బొగ్గు దిగిపోయి, ఎంత తోమినా పోయేది కాదు. మేము ఆ చేతి సంపాదనే తిన్నాం కనుక బాపును నేను తప్పు పట్టలేను.

మామ మా అవ్వకు, అంటే మా తల్లికి, తమ్ముడు. మద్దూరు దగ్గర పల్లెలో ఉండేవాడు. నాకు కుంచె పట్టడం నేర్పింది ఆయనే. మనిషి తక్కువ మాట్లాడేవాడు, మాట్లాడినా రంగుల గురించే. యుద్ధానికి ముందు, నేను ఇంకా నిక్కరు తొడిగే రోజుల్లో, సిద్దిపేటలో బజారువాళ్లు కొందరు కలిసి నాటకాల సమాజం పెట్టి, మామను పిలిపించి అడవి తెర రాయించుకున్నారు. దర్బారు తెర, వీధి తెర ఎవరో తిరుగుడు కంపెనీవాళ్ల దగ్గర పాతవి కొన్నారు. అడవి మాత్రం కొత్తది కావాలన్నారు, ఎందుకంటే ఆ రోజుల్లో ప్రతి నాటకంలోనూ రాజెవరో ఒకరు రాజ్యం పోగొట్టుకొని పెళ్లాం పిల్లలతో అడవి పట్టవలసిందే.

మామ మా ఇంట్లోనే ఉండి ఆ తెర రాశాడు. నేను రంగులు నూరిచ్చాను. అడిగినవాళ్లు ఏదో ఒక అడవి అనుకున్నారు కానీ, మామ రాసింది తన ఊరి గుట్టను. చిన్నప్పుడు పశువులు కాసిన గుట్ట. ఈ ఇప్పచెట్టు కింద నేను పడుకునేవాణ్ని, ఈ తునికిచెట్టు మీంచి పడి చెయ్యి విరిగింది, ఈ రేలచెట్టుకు పూత వస్తే మా అమ్మ పండుగ దగ్గరికొచ్చిందనేది అంటూ ఒక్కో చెట్టునూ దాని వంకరతో, దాని తొర్రతో సహా రాశాడు. మోదుగులు పూసిన కాలం. నెమలి, దుప్పి, కుందేళ్లు, కొమ్మల్లో కొండముచ్చు. ఆఖరి రోజు అవ్వ చేత కొబ్బరికాయ కొట్టించి, దీపం మసితో చేసిన నలుపుతో ఒక్కొక్కదానికి కండ్లు పెట్టాడు. రంగుల పైన చివరగా బంక పూత పూసి, చెయ్యి వెనక్కి తీసుకొని, కొత్త కోడలిని చూసినట్టు చూసుకున్నాడు.

యుద్ధం ముదిరాక బాపు కొన్న చెట్లలో ఆ గుట్ట కూడా వచ్చింది. గుట్ట దొరది, దొర అమ్మాడు, బాపు కొన్నాడు. కబురు తెలిసి మామ ఊరి నుంచి నడుచుకుంటూ వచ్చి, మా అరుగు మీద కూర్చొని, అవ్వ ఇచ్చిన మంచినీళ్లు కూడా ముట్టకుండా, "బావా, గుట్ట మీద నా ఈడు చెట్లున్నయ్. ఇప్పచెట్టు దిక్కన్న పోకు, జరంత ఇడిసిపెట్టు" అన్నాడు. బాపు తల ఎత్తలేదు. "నేనిడిసిపెడితే ఇంకొకడు కొడ్తడు బామ్మర్దీ. చెట్లను సూసుకుంట కూసుంటే పొయ్యిల పిల్లి లేస్తదా?" అన్నాడు. అవ్వ ఇద్దరి మధ్య చెంబు పట్టుకొని అట్లాగే నిలబడింది. ఆ ఎండాకాలం గుట్ట మీద బట్టీల పొగ మద్దూరు నుంచి కూడా కనబడిందని చెప్పుకున్నారు.

తర్వాత ఒక నాటకానికి మామ వచ్చాడు. నేను పక్కన కూర్చున్నాను. రాజు అడవి పట్టే ఘట్టంలో తాడు వదిలితే, వెదురు బొంగుకు చుట్టిన తెర గిర్రున తిరుగుతూ దిగింది. ఇప్పచెట్టు, తునికిచెట్టు, పూసిన మోదుగులు, అన్నీ పెట్రోమాక్సు వెలుగులో నిలబడ్డాయి. మామ రాజును చూడలేదు, రాణి ఏడుపు వినలేదు. నా భుజం మీద చెయ్యి వేసి, మెల్లగా, "గాడ పోతె పోయింది అల్లుడా, ఈడ ఉన్నది గద" అన్నాడు.

ఆ మాట నా చెవిలోనే అన్నాడు. అది విన్న తర్వాత కూడా నేను ఆ పని చేశాను.

దానికి నెపం ఏమిటంటే పట్నం. బొగ్గు లెక్కలకని బాపు పోతుంటే ఒకసారి నన్నూ వెంట తీసుకుపోయాడు. అప్పటికి నాకు మీసాలు వస్తున్నాయి. సిమెంటు రోడ్లు, కరెంటు దీపాల స్తంభాలు, గడియారం పెట్టిన కట్టడం, గుమ్మాల ముందు ఆగే మోటారు కార్లు చూసి తిరిగి వచ్చాక నాకు మా ఊరు ముడుచుకుపోయినట్టు అనిపించింది. సిద్దిపేటలో అప్పటికి కరెంటు లేదు. సందుల్లో ఎడ్లబండ్లు, వాకిళ్లలో పేడ కళ్లాపి, చీకటి పడితే కందిళ్లు. నేను చూసినదాన్ని రాయకపోతే చచ్చిపోతానేమో అన్నంత తపన పుట్టింది. సున్నం రాలిన గోడ కనబడితే చాలు, బొగ్గుముక్కతో గడియారం స్తంభం గీసేవాణ్ని.

సరిగ్గా అప్పుడే సమాజంవాళ్లు కొత్త రకం నాటకం మొదలుపెట్టారు. రాజులూ రుషులూ లేని కథ, పట్నంలో చెడిపోయిన కొడుకు కథ. దానికి వీధి కావాలి. పాత వీధి తెరను చెదలు తిన్నాయి. బట్టకు సర్కారు కంట్రోలు, నూలుకు కంట్రోలు, మగ్గాలే ఖాళీగా ఉన్న రోజులు. తెరకు సరిపోయే బట్ట ఎక్కడ దొరుకుతుంది? సమాజానికి పెద్దమనిషి ఒక బట్టల దుకాణం శేఠే అయినా, ఆయన అరల్లోనే దులిపితే దుమ్ము తప్ప ఏమీ లేదు. ఆయన అడవి తెరను చూపించి, దీని మీదనే పట్నం రాయి పోరడా, నువ్వు చూసొచ్చినవు గద అన్నాడు. నేను ఊరికే ఒప్పుకోలేదు, అంతవరకు నా వంతు నిజం చెప్పుకోవాలి. కండ్లు తెరిచిన బొమ్మల మీద రంగు పూయరాదని గొణిగాను. శేఠు పడి పడి నవ్వి, "కండ్లు తెరిచి సూస్తున్నయా? ఇన్నేండ్ల సంది ముఫత్తుల నాటకం సూసినయన్నట్టు! టికెట్ పైసలు వసూలు జెయ్యాలె మరి!" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఇన్నేళ్లలో ఆ తెర గురించి తలచుకున్నప్పుడల్లా రంగు పూసిన చెయ్యి కంటే ముందు ఆ నవ్వే గుర్తొస్తుంది.

సుద్ద కలిపి పైనుంచి కిందికి పూస్తూ వచ్చాను. చెట్లు తేలికగానే పోయాయి. కండ్ల దగ్గర మాత్రం తల పక్కకు తిప్పుకొని పూశాను, చూడకుండా చేస్తే చేసినట్టు కాదన్నట్టు. ఆరాక దాని మీద బొమ్మ గీతలు గీయడానికి ఇంట్లో గోనెసంచిలోంచి బొగ్గు ముక్కలు తీసుకొచ్చాను. అవి ఆ గుట్ట చెట్ల బొగ్గే. ఆ అడవిని కాల్చిన బొగ్గుతోనే ఆ అడవి మీద పట్నం గీశానన్న సంగతి అప్పుడు నాకు తట్టనే లేదు. చేతులు నల్లబడితే ధోతికి తుడుచుకొని ఈలవేసుకుంటూ గీశాను.

నాటకం నాటికి అవ్వ, నాకు చెప్పకుండానే, తమ్ముడికి కబురు పంపింది. అల్లుడు తెర రాసిండట, వచ్చి చూడమని. ఏ తెర మీద రాశానో అవ్వకు తెలియదు. మామ వచ్చి చాప మీద ముందు వరుసలో కూర్చోవడం తెర వెనక నుంచి చూసి చప్పున పక్కకు తప్పుకున్నాను. అప్పుడైనా పోయి కాళ్ల మీద పడవలసింది. పోలేదు. పట్నం తెర దిగగానే జనం, "అబ్బ! పట్నం దిగొచ్చిందిరా!" అని చప్పట్లు కొడుతుంటే నా ఒళ్లు పొంగింది. భయం మరిచిపోయాను. మామ కూడా చప్పట్లు కొట్టాడు. ఆయన మనసులో, అడవి తెర ఇంకా వెనక ఉంది, ఎప్పుడో ఒకప్పుడు దిగుతుంది.

మామ రంగుల మీద బంక పూత ఉందని చెప్పాను కదా. దాని మీద నా సుద్ద పట్టలేదు. వానాకాలపు చెమ్మకు ఒక రంగంలో చుట్టి, ఇంకో రంగంలో దించేసరికి పగుళ్లు పట్టి రాలడం మొదలైంది. ముందు తండ్రి వేషం వేసినాయన తల మీద తెల్లగా పొడి పడింది, జనం నవ్వారు. తర్వాత గడియారం స్తంభం కింద, గోడలో, ఒక కన్ను తెరుచుకుంది. దుప్పి కన్ను. ఎవడో కేకేశాడు, "ఓరి, గడియారం కింద ఎవడో తొంగి సూస్తుండురో!" ఇంకొకడు అందుకున్నాడు, "ఆని ఇల్లు గాడనే ఉండె, ఖాళీ జేయించిన్రు గద, సూసి పోను వచ్చిండు!" మోటారు కారు చక్రం దగ్గర ఇంకొక కన్ను, కరెంటు స్తంభం పైన కొండముచ్చు ముఖంలో సగం. జనం కడుపులు పట్టుకొని నవ్వుతున్నారు. పాపం చెడిపోయిన కొడుకు వేషగాడు, ఏడవవలసిన చోట తానూ ఆపుకోలేక నవ్వేశాడు. నేను తెర పక్క సందులోంచి చూస్తే, ఆ నవ్వుల మధ్య మామ ఒక్కడే లేచి నిలబడి ఉన్నాడు. వెనకవాళ్లు కూసో, కూసో అని అరుస్తున్నారు. ఆయనకు వినబడలేదు.

ఆ రాత్రి మా ఇంటికి రాలేదు. పొద్దున సమాజం కొట్టంలో నేను తెరను చుట్టి పెడుతుంటే వచ్చి, బొటనవేలితో సుద్దను గీకి, వేళ్ల మధ్య నలిపి చూశాడు. తిడతాడని, కొడతాడని కాచుకొని నిలబడ్డాను. "సుద్ద పల్సగ కలిపినవ్ అల్లుడా" అన్నాడు. అంతే. ఆయన నన్ను అన్న మాట ఆ ఒక్కటే. కండ్లు మూసిన దాన్ని కట్టెలాగ మూలకు పెట్టరాదని, నీళ్లకు ఇయ్యాలని శేఠును అడిగాడు. ముందటి రాత్రి నవ్వుల పాలైన శేఠు, ఆ పీడ ఎటైనా పోనీ అని చెయ్యి ఊపేశాడు.

తెర బొంగును మామ ముందు భుజాన, నేను వెనక భుజాన ఎత్తుకొని చెరువుకు నడిచాం. దారిలో జనం తప్పుకుంటుంటే గాని మేము దేన్ని మోస్తున్నట్టు ఉందో నాకు తెలియలేదు. ఒక ముసలమ్మ పక్కకు జరిగి, "ఎవలు పోయిన్రు బిడ్డా?" అని అడిగింది. మామ ఆగకుండానే, "మావోళ్లే అవ్వా" అన్నాడు.

చాకలివాళ్లు ఉతికే రేవులో తెరను విప్పి, పసుపూ కుంకుమా చల్లి, నీళ్ల మీదికి వదిలాం. ముందు నా పట్నమే పోయింది. సుద్ద పాలలాగా కరిగి, గడియారం, కార్లు, దీపాలు, నేను అంత మురిసి రాసినవన్నీ రెప్పపాటులో నీళ్లను తెల్లగా చేసి వెళ్లిపోయాయి. ఆ తెలుపు తేరుకోగానే కింద మామ అడవి లేచింది. తడికి రంగులు కొత్తగా మెరుస్తున్నాయి. అలలకు చెట్లు కదులుతున్నాయి, దుప్పి నీళ్లు తాగడానికి దిగినట్టే ఉంది. ఆ అడవి అంత అందంగా నేను ఎప్పుడూ చూడలేదు. మామ మోకాలి లోతు నీళ్లలో నిలబడి, ముంచడానికి తెచ్చిన రాయిని చేతుల్లో అట్లాగే పట్టుకొని ఉన్నాడు.

అప్పుడు ఉతుకుతున్న వాళ్లలోంచి ఒక ఆడమనిషి దగ్గరికి వచ్చింది. "అన్నా, గింత బట్ట నీళ్ల పాలు జేస్తున్నరేంది? కంట్రోలు దుకాణంల జానెడు దొరుకుతలేదు. నా బిడ్డ కట్టుకోను గుడ్డ లేక గడప దాటుతలేదు" అన్నది. అది దేవుని బట్టలాంటిదని, అట్లా అడగకూడదని నేను అనబోయాను. మామ చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. తర్వాత రాయిని మెల్లగా నీళ్లలో జారవిడిచి, "రంగు నీళ్లది, బట్ట నీది చెల్లే. మంచిగ ఉతుక్కో" అన్నాడు.

ఆమె చవుడు పట్టించి బండ మీద వేసి బాదుతుంటే పచ్చటి నీళ్లు కారాయి, ఆ తర్వాత మోదుగుపూల ఎరుపు. మామ గట్టు మీద కూర్చొని అంతా అయ్యేదాకా చూసి, తువ్వాల దులుపుకొని, మా ఇంటికి రాకుండా, బస్సు ఎక్కకుండా మద్దూరు బాట పట్టాడు. నేను వెనక కొంత దూరం నడిచాను. తిరిగి చూస్తాడేమో, అప్పుడు క్షమించమని అడుగుదామనుకున్నాను. ఆయన చూడలేదు, నేను పిలవలేదు.

దీపం మసి ఏ చవుటికీ పోదు. కొన్నాళ్లకు బజారులో ఒక పిల్ల తెల్లటి లంగా కట్టుకొని ఎగురుకుంటూ పోతుంటే, అంచు మీద మాసిన మరకలాగా ఒక కన్ను కనబడింది. ఎవరికీ అది కన్నని తెలియదు. ఆ పిల్లకూ తెలియదు, కొత్తబట్ట సంబరంలో ఉంది. ఆ లంగా చిరిగిపోయేదాకా నేను ఆ పిల్ల ఎదురైతే సందు మార్చుకొని పోయేవాణ్ని.

మామ ఆ తర్వాత కూడా పటాలు రాశాడు కానీ, మనుషులకూ మనుషులకూ మధ్య అప్పటిదాకా నిలబెట్టే చెట్లు మానేశాడు. ఆ జాగాలో ఉత్త ఎరుపు ఉండేది. రాజ్యం మారే గడబిడల కాలం వచ్చి రాకపోకలు తగ్గాయి, ఆ గడబిడ సర్దుకునేలోగానే ఆయన పోయాడు. నేను అడగవలసిన మాట నాలోనే ఉండిపోయింది. యుద్ధం అయిపోయింది, పెట్రోలు వచ్చింది, బొగ్గు బస్సులు ఎప్పుడు మాయమయ్యాయో ఎవరూ గమనించలేదు. గుట్ట మీద మాత్రం చెట్లు తిరిగి రాలేదు, ఇప్పుడు దాన్ని కంకర కోసం తవ్వుతున్నారు. నేను చిన్నప్పుడు రాసి మురిసిన పట్నం, కరెంటు స్తంభాలతో, కార్లతో, గడియారాలతో, తెర మీద నుంచి దిగి నిజంగానే మా ఊరికి వచ్చేసింది. దాని దుకాణాల మీద పేర్లన్నీ నేనే రాశాను. ఎండలో నడిచి వచ్చినవాడికి ఆగడానికి నీడ ఎక్కడుందో మాత్రం ఇప్పుడు నేను చెప్పలేను. ఆ రోజుల్లో ఒకాయన, నరికిన చెట్టు తెర మీదైనా ఉంది కదా అని ఊరట పడ్డాడు. ఈ రోజుల్లో గోడ మీద మొద్దు బొమ్మకు కూడా జాగా దొరకదు, దొరికితే నాలాంటివాడు కుర్చీలో కూర్చొని తుడిచెయ్యమంటాడు.

ఈ మధ్యాహ్నం ఎండ తగ్గకముందే ఆ గోడ దగ్గరికి మళ్లీ పోయాను. యజమానిని పిలిచి, పొద్దున నేను తప్పు చెప్పాను, ఆ మొద్దు ఉండాలి, ఆ చెట్టును తీసింది మనమే అయినప్పుడు దాన్ని చూడటానికి సిగ్గుపడితే ఎట్లా అని అడిగాను. "పొద్దుగాల ఒకటంటివి, మాపటికి ఒకటంటివి, ఏంది తాతా!" అని ఆయన తల గోక్కున్నాడు. అటూ ఇటూ చూసి, చివరికి, "సరే పో, పెండ్లినాడు గేటు బార్లా తెరిస్తే తలుపెనుక పడ్తది గద. ఉండనియ్యి" అన్నాడు. అంతకంటే ఎక్కువ నేనూ అడగలేదు. జనం లేని రోజుల్లోనైనా ఉంటుంది.

ఆ పిల్ల అవతలి కొసన చెట్లకు ఆకులు వేస్తోంది. నేను గుడ్డ తడిపి, ఇంకా గట్టిపడని సున్నాన్ని నా చేతులతోనే తుడవడం మొదలుపెట్టాను. మొద్దు వలయాలు కనబడ్డాయి కానీ, సున్నంతో పాటు ఆమె రంగూ ఊడి వస్తోంది. ఆమె నిచ్చెన దిగి వచ్చి చూసింది. "జరుగు తాతా, నువ్వు తుడిచింది సాలు. మొద్దు నేను మళ్ల రాస్తా. గా డబ్బల సుద్ద ఉంది, అడుగు పూతకు కలిపియ్యి" అన్నది.

మోకాళ్ల మీద కూర్చొని కలిపాను. ఈసారి చిక్కగా కలిపాను.